లాప్‌టాప్ కొనేముందు: పోటూ, ఉగ్రాణమూ

'కోర్ ఐ3–1215యు, 8 జి.బి., 512 జి.బి. ఎస్.ఎస్.డి.'

ఇది రైలు నెంబరు కాదు, డాక్టరు రాసిన మందు చీటీ అంతకన్నా కాదు. తిరుపతిలో గానీ, చిత్తూరులో గానీ కంప్యూటర్ల దుకాణానికి వెళ్ళి "లాప్‌టాప్ కావాలి" అనండి. షాపాయన మన ముందు పెట్టే కాగితంలో ఇలాంటి వరుసలు పదో పన్నెండో ఉంటాయి. కంపెనీకే నేరుగా ఆర్డరు పెడితే మరీ చిక్కు. ఏ ప్రాసెసరు కావాలి, స్టోరేజి ఎంత కావాలి అని మనల్నే ఎంచుకోమంటారు. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ధర కూడా ఎక్కుతుంది.

ఒక మెట్టుకూ పైమెట్టుకూ తేడా 15 వేల రూపాయలు అనుకుందాం. 15 వేలంటే ఎంత? మన చిత్తూరు వైపు పల్లెల్లో పాడి మీద గడిచే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. పాలు లీటరు 30 రూపాయలు అనుకుంటే అది 500 లీటర్ల పాలు. పూటకు 5 లీటర్లిచ్చే ఆవు 50 రోజులు పాలివ్వాలి. గడ్డి, దాణా ఖర్చు ఇంకా తీసెయ్యలేదు సుమా! పాలిటెక్నిక్‌లో చేరే అక్క లాప్‌టాప్ అడిగినప్పుడు, ఆ 50 రోజుల పాలు ఏ అంకె మీద పోస్తున్నామో ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి గదా. ఆ ఒక్కరూ మీరే ఎందుకు కాకూడదు?

వంటవాడు, బల్ల, కొట్టు

తిరుమలలో లడ్డూలు చేసే వంటశాలను 'పోటు' అంటారని మన వైపు పిల్లలకు చెప్పనక్కరలేదు. పప్పు, చక్కెర, నెయ్యి వంటి సరుకులు నిలవ ఉంచే కొట్టుకు 'ఉగ్రాణం' అని పేరు. ఈ రెండు మాటలూ గుర్తుంటే లాప్‌టాప్ సగం అర్థమైనట్టే.

ప్రాసెసరు పోటులోని వంటవాడు. స్టోరేజి ఉగ్రాణం. ఈ రెండింటికీ నడుమ, పొయ్యి పక్కనే ఒక బల్ల ఉంటుంది. అదే మెమొరీ, 'ర్యామ్' అంటారు. మన వంటవాడు ఉగ్రాణంలోకి వెళ్ళడు. ఏ సరుకైనా ముందు ఈ బల్ల మీదికి రావలసిందే. కరెంటు తీసేస్తే బల్ల మీదిది తుడిచిపెట్టుకు పోతుంది. ఉగ్రాణంలోది మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. మొదటి వరుసలో చూసిన 8 జి.బి. బల్ల వైశాల్యం, 512 జి.బి. ఉగ్రాణం వైశాల్యం. ఈ రెంటినీ ఒకటనుకుని తికమకపడేవాళ్ళు పెద్దల్లోనూ ఉన్నారు.

సరే, వంటవాడి చేతివేగం ఎంత? 2.5 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు సెకనుకు 250 కోట్ల సార్లు 'టిక్కు' మంటుంది. ఒక టిక్కుకూ మరో టిక్కుకూ మధ్య కాలం 0.4 నానోసెకన్లు. అంత కాలంలో కాంతి కూడా 12 సెంటీమీటర్లకు మించి పోలేదు. మీ స్కేలు పొడుగు కూడా దాటదన్నమాట.

ఈ లెక్కలు మన ఊహకు అందవు. అందుకని ఒక టిక్కును సాగదీసి ఒక సెకను చేద్దాం. ఆ లెక్కన బల్ల మీది సరుకు వంటవాడి చేతికి రావడానికి సుమారు 4 నిముషాలు పడుతుంది. ఉగ్రాణం ఎస్.ఎస్.డి. అయితే అక్కడి నుంచి సరుకు రావడానికి దాదాపు 3 రోజులు. మరి పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్ అయితేనో? 434 రోజులు! సంవత్సరం మీద రెండు నెలలు వంటవాడు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. అంతటి చేయితిరిగిన వంటవాణ్ణి పెద్ద జీతమిచ్చి పెట్టుకుని ఏం లాభం చెప్పండి!

'మా కంప్యూటరు చాలా స్లో' అని విసుక్కునే చోట చాలాసార్లు తప్పు ప్రాసెసరుది కాదు, ఉగ్రాణానిది.

తిరిగే పళ్ళెం

ఆ 434 రోజులు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. పలకా బలపం తీసుకోండి.

హార్డ్ డిస్క్ అంటే అయస్కాంత పూత పూసిన గుండ్రని పళ్ళెం. 1956లో ఐ.బి.ఎం. కంపెనీ 'రామాక్' అనే యంత్రంతో మొదటి హార్డ్ డిస్క్‌ను లోకానికి పరిచయం చేసింది. అందులో రెండడుగుల వెడల్పు పళ్ళేలు 50 ఉండేవి. బీరువాలను మించిన ఆ యంత్రం మొత్తంలో పట్టింది 50 లక్షల అక్షరాలే. ఈనాటి ఫోన్లో తీసిన ఒక్క ఫొటో అందులో పట్టడం కష్టం.

లాప్‌టాప్‌లలో వాడిన హార్డ్ డిస్క్‌లు సాధారణంగా నిముషానికి 5400 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 90 చుట్లు, ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. మనకు కావలసిన సమాచారం పళ్ళెం మీద ఎక్కడుంటుందో ముందే తెలియదు కాబట్టి సగటున అరచుట్టు ఆగాలి. అది అయిదున్నర మిల్లీసెకన్లు. సమాచారం చదివే చిన్న చేయి సరైన వలయం దగ్గరికి జరగడానికి మరో 10 మిల్లీసెకన్లు అనుకోండి. మొత్తం 15 దాటింది. 15 మిల్లీసెకన్లను 250 కోట్లతో హెచ్చిస్తే 3 కోట్ల 75 లక్షల టిక్కులు. వాటిని సెకన్లనుకుని రోజులుగా మార్చండి, 434 వస్తుంది. ఇలా సెకనుకు అరవై, డెబ్బై సార్లకు మించి ఆ డిస్క్ సరుకు తేలేదు. లాప్‌టాప్ తెరిచేటప్పుడు చదవవలసిన చిన్న చిన్న ఫైళ్ళేమో వేలల్లో ఉంటాయి. గిర్రుగిర్రున చప్పుడు చేస్తూ అది నిముషాల తరబడి లేవకపోవడానికి కారణం ఇదే.

ఎస్.ఎస్.డి.లో తిరిగేది ఏదీ లేదు. అది అర్ధవాహకాలతో చేసినది. మీరు భౌతికశాస్త్రంలో చదివే ట్రాన్సిస్టర్లే కోట్ల కొద్దీ ఉంటాయి. ప్రతిదాంట్లో నలువైపులా బంధకం కప్పిన ఒక చిన్న అర. ఆ అరలో ఎలక్ట్రాన్లను బంధించి ఉంచితే కరెంటు తీసేసినా అవి అక్కడే ఉంటాయి. ఆవేశం ఎంత ఉందో చూసి, అక్కడ రాసింది సున్నానా ఒకటా అని తెలుసుకుంటారు. ఫ్లాష్ మెమొరీ అనే ఈ ఉపాయం జపాను దేశపు ఇంజనీరు ఫుజియో మసువోకాది. ఆయన తోషిబా కంపెనీలో పనిచేస్తూ 1984లో దీన్ని ప్రకటించాడు. ఈనాటి ఎస్.ఎస్.డి.లలో ఉండే 'నాండ్' రకం 1987లో వెలుగు చూసింది.

ఇందులో ఒక కక్కుర్తి కూడా ఉంది. పాలచెంబులో 'నిండుగా, ఖాళీగా' అని రెండే గుర్తులు పెడితే ఒక్కో చెంబు ఒక్కో బిట్టు చెబుతుంది. లోపల ఎనిమిది గీతలు గీసి మట్టం కొలిస్తే అదే చెంబు మూడు బిట్లు చెబుతుంది. పదహారు గీతలు గీస్తే నాలుగు. మూడు బిట్ల రకాన్ని టి.ఎల్.సి. అనీ, నాలుగు బిట్ల రకాన్ని క్యూ.ఎల్.సి. అనీ అంటారు. గీతలు దగ్గర పడేకొద్దీ సరుకు చవక. కానీ మట్టం కొలవడం నిదానమవుతుంది, చెంబు కూడా త్వరగా అరుగుతుంది. రెండూ ఇంచుమించు ఒకే ధరకు దొరికితే టి.ఎల్.సి. తీసుకోండి.

'అరుగుతుంది' అనగానే భయపడకండి. మధ్యరకం 500 జి.బి. డిస్క్‌కు 300 టెరాబైట్ల దాకా రాయవచ్చునని హామీ ఇచ్చిన కంపెనీలున్నాయి. రోజుకు 20 జి.బి. రాసినా 15 వేల రోజులు, అంటే 41 ఏళ్ళు. ఈలోగా లాప్‌టాప్‌లో మిగతావే పోతాయి. భయపడవలసింది వేరొకటి ఉంది. హార్డ్ డిస్క్ పాడయ్యే ముందు టకటకమని చప్పుడు చేసి హెచ్చరించడం కద్దు. ఎస్.ఎస్.డి. పోయేటప్పుడు మాట మాత్రం చెప్పకుండా పోవచ్చు. కాబట్టి ప్రాజెక్టు పని రెండోచోట ఒక కాపీ ఉండి తీరాలి.

దుకాణంలో స్టోరేజి గురించి వినబడే పేర్లు నాలుగు. హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 మెగాబైట్లు ఇవ్వగలదు. ఈ.ఎం.ఎం.సి. అనేది బాగా చవకైన లాప్‌టాప్‌లలో బోర్డుకే అతికించి వస్తుంది. సెకనుకు 300 లోపు ఇస్తుంది, దాన్ని విప్పి మార్చలేం. సాటా రకం ఎస్.ఎస్.డి. 550 ఇస్తుంది. ఎన్.వి.ఎం.ఇ. రకం 3500 నుంచి 7000 దాకా ఇస్తుంది. 'ఎం.2' అన్నది వేగం పేరు కాదు, ఆకారం పేరు. ఆ ఆకారంలో సాటా ఉండవచ్చు, ఎన్.వి.ఎం.ఇ. కూడా ఉండవచ్చు.

3500 వద్దు, 7000 తీసుకోమని షాపులో ఒత్తిడి చేస్తే వినకండి. ఆ పెద్ద అంకె పెద్ద సినిమా ఫైలును ఒక్క ఊపున లాగేటప్పటిది. రోజువారీ పని చిల్లర చిల్లర ఫైళ్ళతో నడుస్తుంది. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్.ఎస్.డి.కి మారినా ఇంటిల్లిపాదికీ తేడా తెలుస్తుంది. ఒక ఎస్.ఎస్.డి. నుంచి మరో వేగమైన ఎస్.ఎస్.డి.కి మారితే చాలామందికి గడియారం చేతిలో పట్టుకుంటే తప్ప తెలియదు.

పెద్ద అంకె, చిన్న అంకె

ఇక వంటవాడి సంగతి. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పులో 2300 ట్రాన్సిస్టర్లుండేవి. ఇప్పటివాటిలో వందల కోట్లు. చాలాకాలం 'ఏది మంచి ప్రాసెసరు' అంటే జవాబు తేలిక. టిక్కులు ఎక్కువుంటే మంచిది. 2004 నాటికి పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్‌కు చేరింది. 4 గిగాహెర్ట్జ్‌ది తెస్తామని చెప్పిన కంపెనీ ఆ సంవత్సరమే దాన్ని మానుకుంది. అడ్డు వచ్చింది వేడి. పౌనఃపున్యం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాలి. ఖర్చయ్యే విద్యుత్తు వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. అదంతా చివరికి వేడిగానే తేలుతుంది.

అప్పుడు పట్టిన దారి ఒక వంటవాడి చేతివేగం పెంచడం కాదు, వంటవాళ్ళను పెంచడం. ఒక్కొక్క వంటవాడు ఒక 'కోర్'. అయితే ఆరుగురుంటే పని ఆరో వంతు కాలంలో అయిపోతుందా? పనిని బట్టి ఉంటుంది. బండెడు తోతాపురి కాయలు కోయాలంటే ఆరుగురు ఆరు కత్తిపీటలు వేసుకుని కూర్చోవచ్చు. సంగటి కెలకాలంటే? తెడ్డు ఒక్కటే, పట్టుకునే మనిషీ ఒక్కడే. వీడియోలు తయారుచేయడం కాయలు కోసే రకం. మనం రోజూ చేసే పనుల్లో చాలా భాగం సంగటి రకమే. అందుకే పది, పన్నెండు కోర్లని చూసి మురిసిపోనక్కరలేదు.

పేర్లలో ఇంకో మోసం ఉంది. ఐ3 కన్నా ఐ7 గొప్పదని అందరూ అంటారు. ఐ7–7500యు 2016లో వచ్చింది. దానిలో కోర్లు రెండే, గరిష్ఠ వేగం 3.5 గిగాహెర్ట్జ్. ఐ3–1215యు 2022లో వచ్చింది. దానిలో పెద్ద కోర్లు రెండు, చిన్నవి నాలుగు, గరిష్ఠ వేగం 4.4. ఇక్కడ ఐ3 ముందర ఐ7 నిలవలేదు. 3, 5, 7 అన్నవి పెట్టె తరగతులు. గీత తరువాత వచ్చే 7, 12 అన్నవి బండి నెంబర్లు. ప్యాసింజరు బండిలో ఫస్టు క్లాసు కన్నా ఎక్స్‌ప్రెస్‌లో స్లీపరు ముందు చేరుతుంది గదా! 2023 చివరి నుంచి ఇంటెల్ కొత్త చిప్పుల పేర్లలో 'ఐ' తీసేసి 'కోర్ అల్ట్రా' అనీ, ఉత్త 'కోర్' అనీ పెడుతోంది. మరో కంపెనీ ఎ.ఎం.డి. ఇంతకన్నా గడుసుది. రైజెన్ 5–7520యు, రైజెన్ 5–7530యు. చూడ్డానికి పది తేడా. మొదటిదానిలో 2019 నాటి 'జెన్ 2' నమూనా కోర్లు నాలుగు, రెండోదానిలో 2020 నాటి 'జెన్ 3' కోర్లు ఆరు. ఆ వరుసలో మూడో అంకె చూడాలి.

చివరి అక్షరం కూడా చదవండి. 'యు' అంటే తక్కువ కరెంటుతో నడిచేది, ఇంటెల్ వాటిలో 15 వాట్లు మామూలు. 'హెచ్' అంటే 45 వాట్ల తరహాది. మే నెలలో రేణిగుంట ఎండకు గదిలోనే 40 డిగ్రీలున్నప్పుడు, పలుచని లాప్‌టాప్‌లో హెచ్ రకం పెట్టుకుంటే అది కాసేపు పరుగెత్తి, వేడెక్కి, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. డబ్బిచ్చి కొన్న వేగం వాడుకోవడానికి లేదు. పైగా ఫ్యాను మోత, బ్యాటరీ త్వరగా దిగిపోవడం.

షార్ నుంచి లేచే ప్రాసెసరు

పెద్ద అంకె ఉంటేనే మంచి ప్రాసెసరా? శ్రీహరికోట వైపు చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పటి నుంచి అది తిరుపతి జిల్లాలోదే. సూళ్లూరుపేట పిల్లలు మిద్దె ఎక్కితే రాకెట్టు కనబడుతుంది. ఆ రాకెట్లను దారి తప్పకుండా నడిపేవాటిలో 'విక్రమ్ 1601' అనే ప్రాసెసరు 2009 నుంచి పనిచేస్తూ వచ్చింది. అది 16 బిట్లది. అంటే ఒక్క దెబ్బకు 0 నుంచి 65,535 దాకా ఉండే అంకెలతోనే లెక్క చేస్తుంది. మన లాప్‌టాప్‌లవి 64 బిట్లవి.

దాని తమ్ముడు 'విక్రమ్ 3201', 32 బిట్లది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రమూ, మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీయూ కలిసి తయారుచేసి 2025 మార్చిలో అప్పగించాయి. 2024 డిసెంబరు 30న ఎగిరిన పి.ఎస్.ఎల్.వి.–సి60లో దాన్ని అంతరిక్షంలో పరీక్షించారు కూడా. అది 180 నానోమీటర్ల పద్ధతిలో చేసినది. లాప్‌టాప్ చిప్పుల ప్రకటనల్లో 7, 5 అని చూసేవాళ్ళకు 180 తాతల కాలం నాటిది. కానీ మైనస్ 55 డిగ్రీల చలిలోనూ, 125 డిగ్రీల వేడిలోనూ అది పనిచేస్తుంది. రాకెట్టుకు కావలసింది తెలిసిన లెక్కను తప్పకుండా, సమయానికి చేయడం. దానికి తగిన వంటవాణ్ణి పెట్టుకున్నారు. ఆ చిప్పు తెచ్చి లాప్‌టాప్‌లో పెడితే మాత్రం సినిమా ఆడదు!

ఒక అసలు బేరం

మా బడిలో చదివిన ఒకమ్మాయి పాలిటెక్నిక్‌లో సివిల్ బ్రాంచిలో చేరుతూ రెండు చీటీలు తెచ్చింది. వాళ్ళమ్మ పాలు పోసి కూడబెట్టిన డబ్బు. ధర రెండింటికీ ఇంచుమించు ఒకటే. మొదటిది ఐ7–1255యు, 8 జి.బి. మెమొరీ, 256 జి.బి. ఎస్.ఎస్.డి. రెండోది ఐ5–1235యు, 16 జి.బి., 512 జి.బి.

"సార్, మా అన్న మొదటిదే తీసుకోమంటాడు. ప్రాసెసరు బోర్డుకే అతికించి ఉంటుందంట, తర్వాత మార్చలేమంట. మిగతావి ఎప్పుడైనా పెంచుకోవచ్చంట" అంది.

వాళ్ళన్న మాట కొట్టేసేది కాదు. ప్రాసెసరు నిజంగానే మార్చలేం. స్టోరేజి చాలా లాప్‌టాప్‌లలో మార్చగలం. అయితే ఆ రెండు చిప్పుల మధ్య తేడా ఎంతో చూశాం. రెండూ ఒకే తరానివి. రెండింట్లోనూ పెద్ద కోర్లు రెండు, చిన్నవి ఎనిమిది. గరిష్ఠ వేగం ఐ5కు 4.4, ఐ7కు 4.7. నూటికి ఏడు తేడా, అదీ చల్లగా ఉన్నంతసేపే. ఆ ఏడు కోసం బల్లనూ ఉగ్రాణాన్నీ సగానికి సగం తగ్గించుకోవాలి. పైగా ఆ మొదటి లాప్‌టాప్‌లో మెమొరీ కూడా బోర్డుకు అతికించినదే. మార్చలేనిది ప్రాసెసరు ఒక్కటే కాదన్నమాట.

బల్ల చిన్నదైతే ఏమవుతుంది? నిండిపోగానే కొన్ని సరుకులు మళ్ళీ ఉగ్రాణంలో పెట్టి, కావలసినప్పుడు మళ్ళీ తెచ్చుకోవాలి. నాలుగు నిముషాల పని మూడు రోజుల పనవుతుంది. డ్రాయింగు ఒకటి, పక్కన ఆన్‌లైన్ పాఠం ఒకటి తెరిస్తే 8 జి.బి. నిండడం ఎంతసేపు!

"రెండోది తీసుకో అమ్మా" అన్నాను. అదే కొన్నారు. ఆ అమ్మాయి వీడియోలు కూర్చే పనో, పెద్ద త్రిమితీయ నమూనాల పనో చేసేదయితే జవాబు వేరు. అప్పుడు హెచ్ రకం ప్రాసెసరూ, 1000 జి.బి.ల స్టోరేజీ కావాలని నేనే చెప్పేవాణ్ణి. చదువుకూ, రాతకూ, ప్రోగ్రాములు నేర్చుకోవడానికీ మాత్రం కొత్త తరం ఐ3 గానీ ఐ5 గానీ, 16 జి.బి., 512 జి.బి. చాలని నా అభిప్రాయం. డబ్బు ఇంకా తక్కువుంటే ముందు స్టోరేజిని 256కు తగ్గించండి, కానీ రెండో డిస్క్ పెట్టే చోటో, పాతది విప్పి మార్చే వీలో ఉందో లేదో అడగండి. హార్డ్ డిస్క్ ఒక్కటే ఉన్నది మాత్రం ఊరికే ఇచ్చినట్టు ఇచ్చినా ఆలోచించండి.

కొత్తది కొనలేని ఇళ్ళకు ఇంకో దారి ఉంది. ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంటే దాని హార్డ్ డిస్క్ తీయించి, అదే కొలతలో దొరికే రెండున్నర అంగుళాల సాటా ఎస్.ఎస్.డి. పెట్టించండి. కొత్త యంత్రం ధరలో చిన్న భాగంతో పనవుతుంది. వాడినది కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. "ఐ7 అండీ, చవకగా ఇస్తాం" అని ఏడో తరం చిప్పు అంటగట్టవచ్చు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఒప్పుకునే జాబితా ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. మనం చూసిన ఐ7–7500యు అందులో లేదు. అలాంటి దాంట్లో లైనక్స్ వేసుకుంటే హాయిగా నడుస్తుంది.

డబ్బు కట్టేముందు షాపులోనే యంత్రాన్ని ఆన్ చేయించండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే 'టాస్క్ మేనేజరు' తెరుచుకుంటుంది. అందులో 'పెర్ఫార్మెన్స్' అన్నచోట ప్రాసెసరు పూర్తి పేరు చివరి అక్షరంతో సహా ఉంటుంది. మెమొరీ ఎంతో, డిస్క్ ఏ రకమో కూడా ఉంటుంది. చీటీలో రాసిందీ, తెరమీద కనబడేదీ ఒకటేనా అని పక్కపక్కన పెట్టుకుని చదవండి. 512 జి.బి. అని రాసినచోట తెరమీద 476 గానీ 477 గానీ కనబడుతుంది. దానికి షాపాయనతో తగవు పడకండి. డిస్క్ చేసేవాళ్ళు జి.బి. అంటే వంద కోట్ల బైట్లని లెక్క వేస్తారు. విండోస్ 1024ను మూడుసార్లు హెచ్చించి, అంటే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లను ఒక జి.బి. అంటుంది. 512 వందల కోట్లను ఆ సంఖ్యతో భాగించి చూడండి.